వెట్ ఫెల్టింగ్: చేతి బలం కంటే ఉన్ని ఎంపికే ముఖ్యం

విడి ఉన్నిని సబ్బు నీళ్లతో తడిపి, రుద్ది, నేత లేకుండానే గట్టి గుడ్డగా, అంటే ఫెల్ట్‌గా మార్చడమే వెట్ ఫెల్టింగ్. దాన్ని నేర్పే వీడియోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. రంగురంగుల ఉన్ని పరుస్తారు, సబ్బు నీళ్లు చల్లుతారు, బబుల్ ర్యాప్‌లో చుట్టి దొర్లిస్తారు, వీడియో అయిపోయేసరికి అందమైన స్కార్ఫో సంచో తయారవుతుంది. అదే పని ఇంట్లో చేసినవాళ్లకు మాత్రం ఒకచోట మందంగా, ఇంకోచోట చిల్లులతో, పైపొర ఊడొచ్చే ముద్ద ఒకటి మిగులుతుంది. ఇంకా వేడినీళ్లు పోయండి, ఇంకా గట్టిగా రుద్దండి అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఎంతోమంది విసిగిపోయి ఈ పని మానేయడానికి ఈ సలహాయే కారణమని నేను నమ్ముతున్నాను. ఎందుకంటే తప్పు చాలాసార్లు రుద్దడంలో జరగదు, అంతకు చాలా ముందే ఏ ఉన్ని కొన్నాం, దాన్ని ఎలా పరిచాం అన్న దగ్గర జరిగిపోతుంది.

ఉన్ని ఎందుకు ఫెల్ట్ అవుతుందో తెలిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఉన్ని పోగు పైన సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అన్నీ కొసవైపుకే తిరిగి ఉంటాయి. అందుకని పోగు తన మొదలు వైపుకు సులువుగా జారుతుంది, కొసవైపుకు జారబోతే పొలుసులు అడ్డం పడతాయి. తడిపి, సబ్బు పట్టించి, కదుపుతూ ఉంటే ఒక్కో పోగూ కొంచెం కొంచెంగా ముందుకు పాకి పక్క పోగుల్లో చిక్కుకుంటుంది, ఇక వెనక్కి రాలేదు. ఉన్ని స్వెటర్ వాషింగ్ మెషీన్‌లో పడి సగానికి కుంచించుకుపోయేదీ ఇందువల్లే. వేడి పోగును మెత్తబరిచి ఈ కదలికను త్వరపెడుతుంది, అంతే తప్ప పొలుసులు పనిచేయని ఉన్నిని ఎంత వేడినీళ్లూ ఫెల్ట్‌గా మార్చలేవు.

అలాంటి ఉన్ని బజారులో బోలెడంత దొరుకుతుంది, అసలు చిక్కు ఇక్కడే ఉంది. సూపర్‌వాష్ అని రాసి ఉంటే దాన్ని ఫెల్టింగ్‌కు కొనకండి. మెషీన్‌లో ఉతికినా కుంచించుకుపోకూడదని సాధారణంగా క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, పైన సన్నని రెసిన్ పూత వేస్తారు, అంటే మనకు కావాల్సిన గుణాన్నే కావాలని తీసేసిన ఉన్ని అది. అక్రిలిక్ కృత్రిమ పోగు, దానికి అసలు పొలుసులే ఉండవు. శుద్ధమైన ఉన్నే అయినా సఫోక్, సౌత్‌డౌన్ లాంటి జాతుల గొర్రెలది స్ప్రింగులా పైకి లేస్తుంటుంది, ఫెల్ట్ అవడానికి మొండికేస్తుంది. మెరినో మాత్రం కొత్తవాళ్లకు కూడా త్వరగా లొంగుతుంది. దాని పోగు చాలావరకు 18 నుంచి 23 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంలో దొరుకుతుంది, మెడకు చుట్టుకున్నా గుచ్చుకోదు. అయితే చెప్పులకో నేల మీద పరిచే చాపకో మెరినో అంత మెత్తనిది పనికిరాదు, ముతక ఉన్ని వాడితేనే మన్నుతుంది.

జాతి ఎంత ముఖ్యమో ఉన్నిని ఎలా సిద్ధం చేశారన్నదీ అంతే ముఖ్యం. దువ్వి పొడుగాటి తాడులా చుట్టి అమ్మేవాటిని టాప్స్ అంటారు, అందులో పోగులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. కార్డింగ్ చేసి, అంటే సన్నని తీగ పళ్లతో విడదీసి, దుప్పటిలా పరిచి అమ్మే బ్యాట్స్‌లో పోగులు అన్ని దిక్కులకూ కలగలిసి ఉంటాయి కాబట్టి అవి త్వరగా అల్లుకుంటాయి. వీడియోల్లో టాప్సే ఎక్కువ కనిపిస్తాయి, రంగులు మెరుస్తాయి మరి. నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్లు బ్యాట్స్‌తో మొదలుపెట్టాలి. టాప్స్ వాడితే పల్చని కుచ్చులుగా లాగి ఒక వరస అడ్డంగా, దాని మీద ఇంకో వరస నిలువుగా పరవాలి. మందంగా ఒకే పొర వేయడం కంటే పల్చగా నాలుగు పొరలు వేయడం మేలు, ఆ పల్చని పొరల్లో ఖాళీలు ఎక్కడున్నాయో కంటికే కనిపిస్తాయి.

రుద్దడం ఇక్కడితో మొదలవుతుంది, మెల్లగా మొదలవ్వాలి. పైన నెట్ గుడ్డ కప్పి, గోరువెచ్చని సబ్బు నీళ్లు చల్లి, లోపలి గాలి పోయేదాకా అరచేత్తో నొక్కండి. మొదట్లోనే మరిగే నీళ్లు పోసి గట్టిగా రుద్దితే పైపోగులు బిగుసుకుపోతాయి, లోపలి పొరలు విడిగానే మిగిలిపోతాయి, ఊడొచ్చే ఫెల్ట్‌కు మూలం ఇదే. సబ్బు కూడా అతి చేయకూడదు, నురగ పొంగిపొర్లుతుంటే పోగులు తేలిపోయి ఒకదాన్నొకటి పట్టుకోవు. రెండు వేళ్లతో పైపోగుల్ని పట్టుకుని లాగి చూడండి. పోగులు మాత్రమే లేస్తే ఇంకా టైమ్ పడుతుంది, కింది ఉన్ని మొత్తం కలిసి పైకొస్తే అప్పుడు వేడినీళ్లకూ బలానికీ వేళయింది. చుట్టి ఏ దిక్కుకు దొర్లిస్తే ఆ దిక్కుకే ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి మధ్యమధ్యలో విప్పి, తిప్పి, మళ్లీ చుట్టాలి. చివర్లో సబ్బంతా పోయేలా కడిగి, కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచితే మిగిలిన క్షారం విరుగుతుంది.

ఇవన్నీ ఒప్పుకున్నవాళ్లు కూడా శాంపిల్ చేయమంటే టైమ్ వేస్ట్ అంటారు. నేను గట్టిగా విభేదించేది ఇక్కడే. ఏ ఉన్ని ఎంత కుంచించుకుపోతుందో చేసి చూడనిదే ఎవరూ చెప్పలేరు, 30 నుంచి 50 శాతం దాకా ఏదైనా కావచ్చు. 30 సెంటీమీటర్ల చదరం పరిచి పూర్తిగా ఫెల్ట్ చేస్తే అది 20 సెంటీమీటర్లకు దిగిందనుకోండి, 30ని 20తో భాగిస్తే 1.5 వస్తుంది. 40 సెంటీమీటర్ల సంచి కావాలంటే, రెండు వైపులూ అతుక్కుపోకుండా ఉన్ని పొరల లోపల పెట్టే ప్లాస్టిక్ అచ్చు 60 సెంటీమీటర్లు ఉండాలి. ఆ చదరం మీదే ఉన్ని బరువు, ఎన్ని పొరలు, ఎంతకు దిగింది అని రాసిన చీటీ కట్టి దాచుకుంటే మళ్లీ అదే ఉన్ని వాడినప్పుడు ఊహించుకునే టెన్షన్ ఉండదు.

రుద్దడం కంటే ముందు చేసే పనే ముఖ్యమని పాత పద్ధతులూ చెబుతున్నాయి. అల్తాయ్ పర్వతాల్లోని పజిరిక్ సమాధుల్లో రెండు వేల ఏళ్లకు పైబడిన ఫెల్ట్ వస్తువులు మంచులో చెడకుండా దొరికాయి. కిర్గిజ్ మహిళలు చేసే అలా-కియిజ్, షిర్దాక్ తివాచీలను యునెస్కో 2012లో, వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వ జాబితాలో చేర్చింది. అలా-కియిజ్ పనిలో వేడినీళ్లు, చాపలో చుట్టి తొక్కడం, దొర్లించడం అన్నీ ఉంటాయి, కానీ అంతకంటే ముందు ఉన్నిని ఏరి, శుభ్రం చేసి, కర్రలతో కొట్టి విడదీస్తారు. ఆ ముందు పనిని మన వీడియోలు పూర్తిగా ఎగరగొట్టేస్తున్నాయి.

అమ్మేవాళ్ల బాధ్యత కూడా ఇందులో ఉంది. ఫెల్టింగ్ కిట్ మీద రంగుల పేర్లు మాత్రమే ముద్రించి ఊరుకుంటే చాలదు. ఏ జాతి ఉన్ని, ఎన్ని మైక్రాన్లు, టాప్స్‌నా బ్యాట్స్‌నా, సూపర్‌వాష్ చేశారా అన్న నాలుగు వివరాలు ఉండాలి. అవి లేని కిట్ కొనేముందు అడగండి, జవాబు రాకపోతే చిటికెడు ఉన్ని తెప్పించుకుని అరచేతుల మధ్య సబ్బు నీళ్లతో ఉండలా చుట్టి చూడండి. కాసేపట్లో గట్టిపడితే కొనుక్కోవచ్చు, ఎంతసేపు చుట్టినా వదులుగానే ఉంటే ఆ ఉన్ని ఈ పనికి కాదు.