కప్పు కొత్తిమీర ఎంత తూగుతుంది సామీ?

బ్యాంకులో రిటైరయ్యాక మా బావకి సరిచూడటానికి లెక్కలు మిగల్లేదు. అందుకని వంటింట్లోకి వచ్చాడు. ఊరికే రాలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించిన డిజిటల్ కాటాతో వచ్చాడు. గుప్పెడు, చిటికెడు, కప్పు ఇకమీదట చెల్లవని ప్రకటించాడు. దేశమంతా శేర్లు, మణుగులు వదిలి 1960ల్లోనే కిలోలకు మారిపోతే, తిరుపతి బైరాగిపట్టెడలో ఒక్క వంటిల్లు ఎందుకు వెనకబడాలి?

మొదటి ప్రయోగం చారు మీద. ఫోన్‌లో రెసిపీ ‘ఒక కప్పు తరిగిన కొత్తిమీర’ అంది. కప్పుకి ఎన్ని గ్రాములని బావ ఇంకో యాప్‌ని అడిగితే, అది తడుముకోకుండా 240 అంది. నీళ్లకైతే నిజమే. కొత్తిమీర నీళ్లా? తరిగి వదులుగా వేస్తే కప్పుకి 16 గ్రాములు, మిగతాదంతా గాలి. ఒక కప్పు వేయాల్సిన చోట పదిహేను కప్పులు పడ్డాయి. ఆ రోజు చారులో గరిటె నిలబడింది.

తప్పు యాప్‌దే అని తేల్చి, మర్నాడు బావ నన్ను వెంటేసుకుని రైతుబజారుకి బయల్దేరాడు. సంచిలోంచి కాటా తీసి బీరకాయల పక్కన పెట్టి, “16 గ్రాముల కొత్తిమీర ఇవ్వమ్మా” అన్నాడు.

“కట్ట పది రూపాయలు సామీ.”

“కట్ట ఎన్ని గ్రాములు?”

“కట్టంత.”

“వేళ్లతోనా, వేళ్లు కోసేశాకా?”

ఆమె నా వైపు చూసింది. నేను వంకాయల వైపు చూశాను. చల్లిన నీళ్లు కూడా తూకంలోకి వస్తాయని బావ ఒక్కో కట్టా తీసి విదిలించడం మొదలెట్టాడు. నాలుగో కట్టకి ఆమె లేచి నిలబడింది. “గ్రాముల్లెక్కన కావాలంటే బంగారం అంగడికి పో సామీ!”

ఈ మధ్యలో మెల్‌బోర్న్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, వాళ్ల టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు, అమెరికా వాళ్లది 15 అని చెప్పి పెట్టేశాడు. బావ ఆ పూట భోంచేయలేదు.

ఇంతవరకు నవ్వుకున్నాం. నిన్న మాత్రం, మే నెల తిరుపతిలో, పొయ్యి ముందు నిలబడ్డ అక్కకి ఫ్యాన్ ఆపించాడు. గాలికి కాటాలో అంకె ఊగుతోందట! అక్క పిడికిలిని మూడుసార్లు తూచి 11, 19, 14 వచ్చాయని ముఖం చిట్లించాడు. లేత కట్టకి ఒక లెక్క, ముదురుకి ఒకటి, వానాకాలం వాసన పట్టని ఆకుకి ఇంకొకటి అని ఆమె చేతికి తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ చేతి వంట తిని ఒక్కనాడు బాగుందనని నోటికి, ఇప్పుడు మూడు గ్రాముల తేడా తెలిసొచ్చిందా? ఒక్కరోజు కట్ట విప్పావా? కుళ్లిన ఆకు ఏరావా? మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడిగావా? ఎవరికయ్యా నువ్వు తూకాలు నేర్పేది?

ఇదంతా నేను పైకి అనలేదు, బావ కదా.

అక్క కూడా ఏమీ అనలేదు. కొంగుతో మెడ తుడుచుకుని వెళ్లి, ఫ్యాన్ ఐదు మీద పెట్టింది. తరిగిన కొత్తిమీర కాటా మీంచి లేచి గ్యాస్ సిలిండర్ వెనక్కి, బియ్యం డబ్బా కిందికి పోయింది. బావ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఆకూ ఏరుతున్నాడు.

నేను సాయం పట్టలేదు.