ప్రీ లాంచ్ తగ్గింపును ఒకసారి లెక్క వేసి చూడండి

హైదరాబాద్ శివార్లలో పెట్టుబడికని ఫ్లాటు కొనేవారిని ప్రీ లాంచ్ ఆఫరు (అనుమతులు, నమోదు రాకముందే తక్కువ ధరకు అమ్మడం) ఆకట్టుకున్నంతగా మరేదీ ఆకట్టుకోవడం లేదు. అందులోని ప్రమాదం గురించి హెచ్చరించేవారు చాలామందే ఉన్నారు కానీ, ఆ తగ్గింపు నిజంగా ఎంత అన్న లెక్క వేసేవారు తక్కువ.

ఉదాహరణకు, ఒకే ప్రాంతంలో రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉన్న ఫ్లాటు 80 లక్షలు, అంతే విస్తీర్ణం ఉన్న ప్రీ లాంచ్ ఫ్లాటు 60 లక్షలు, రెండూ ఐదేళ్లకు చేతికి వస్తాయి అనుకుందాం. ప్రీ లాంచ్‌లో 60 లక్షలూ ఈరోజే కట్టాలి. పన్ను సంగతి పక్కన పెట్టి ఏటా 7 శాతం చక్రవడ్డీ వేస్తే ఐదేళ్లకు అది 84 లక్షలవుతుంది. రెరా నమోదు ఉన్న ఫ్లాటుకు ఏటా ఏడాది చివర 16 లక్షల చొప్పున ఐదు వాయిదాలు కడితే, అదే వడ్డీ లెక్కన 92 లక్షలు. అంటే బ్రోచర్‌లో 20 లక్షలుగా కనిపించిన లాభం నిజానికి ఎనిమిది లక్షలే. ప్రీ లాంచ్ ఫ్లాటు నిర్మాణం ఏడాదిన్నర ఆలస్యమైతే ఆ ఎనిమిది కూడా మిగలదు. మన ఊళ్లో ఏడాదిన్నర ఆలస్యాన్ని ఎవరూ ఆలస్యం కింద లెక్కపెట్టరన్నది వేరే విషయం.

ఈ ఎనిమిది లక్షల కోసం వదులుకుంటున్నదేమిటో కూడా చూడాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, చిన్న ప్రాజెక్టులకున్న మినహాయింపులు తప్ప, నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడమే నేరం. నమోదైన ప్రాజెక్టులో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. ప్రీ లాంచ్‌లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చిన ఎంఓయూ (అవగాహన పత్రం) తప్ప ఇవేవీ ఉండవు. బ్యాంకు దగ్గరైతే తాకట్టు పెట్టి వడ్డీ కట్టవలసిన బిల్డరుకు, తాకట్టు లేని అప్పు మనమిస్తున్నామన్నమాట.

యూడీఎస్ (స్థలంలో విభజించని వాటా) రిజిస్ట్రేషన్ చేసి ఇస్తామనే హామీని కొందరు పెద్ద భద్రతగా భావిస్తున్నారు. మీ పేరిట నలభై గజాల అవిభక్త వాటా రిజిస్టరైనంత మాత్రాన ఫ్లాటు వచ్చినట్టు కాదు; అనుమతులే రాని స్థలంలో వందలమంది సహయజమానుల్లో మీరొకరవుతారు, అంతే. రేపు ప్రాజెక్టు ఆగిపోతే ఆ వాటాను విడిగా అమ్ముకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంత చెప్పినా కొనాలనే ఉంటే, బయానా ఇవ్వకముందే సర్వే నంబరు అడిగి తీసుకోండి. భూయజమానికీ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (స్థలంలో కట్టడానికి చేసుకునే ఒప్పందం) రిజిస్టరైందో లేదో ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి చూడండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి తప్ప నోటి ఒప్పందాలు, వీలునామా తగాదాలు కనిపించవు కనుక, లింక్ డాక్యుమెంట్లను (ఆ స్థలం పాత యాజమాన్య పత్రాలను) బిల్డరు చూపించే లాయరుకు కాకుండా మీరు ఫీజు కట్టే లాయరుకు ఇవ్వండి. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టడాలకు వీల్లేని బఫరు ఎక్కడిదాకా ఉన్నాయో మ్యాపులో చూడండి. సర్వే నంబరు చెప్పడానికే ఏజెంటు తటపటాయిస్తే, అతను బంధువైనా సరే, అక్కడితో ఆ మాట ఆపేయవచ్చు.