సెలవివ్వని సంతకం

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో దానికి మారదలచిన విదేశీ పరిశోధకుడికి కొత్త చోట కొలువు దొరకడం సగం పనే. మిగతా సగం పాత విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది. జే-1 వీసా మీద ఉన్నవారి రికార్డును పాత సంస్థ విడుదల చేస్తేనే కొత్త సంస్థ అందుకోగలదు. ఆ విడుదల ఎన్ని రోజుల్లో జరగాలో, కాదంటే కారణం చెప్పాలో లేదో బదిలీ నిబంధనలో ఎక్కడా లేదు. మా అభ్యంతరమంతా ఈ మౌనం మీదే.

జే-1 ఉద్యోగ వీసా కాదు. దేశాల మధ్య పరస్పర అవగాహన పెంచాలన్న ఉద్దేశంతో 1961లో వచ్చిన ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం దీనికి మూలం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల్లోనో మన విశ్వవిద్యాలయాల్లోనో పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన కొలువు) చేయడానికి వెళ్లేవారిలో చాలామందికి ఇదే ఆధారం. (రెసిడెంట్ డాక్టర్ల సంగతి వేరు. వారి స్పాన్సర్, అంటే వీసాకు బాధ్యత వహించేది, ఒకే జాతీయ సంస్థ కాబట్టి ఆసుపత్రి మారినా స్పాన్సర్ మారదు.) 2025లో ట్రంప్ ప్రభుత్వం పరిశోధన గ్రాంట్ల మీద కత్తెర వేసింది. గ్రాంటు ఆగితే ల్యాబు ఆగుతుంది, ల్యాబు ఆగితే మొదట గుమ్మం దాటేది పోస్ట్‌డాకే. బదిలీ ఇప్పుడు కెరీర్‌లో పై మెట్టు ఎక్కడం కోసం కాదు, ఉన్న మెట్టు జారిపోకుండా ఉండడం కోసం.

అదే ఏడాది మే 22న అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ హార్వర్డ్‌కు విదేశీయులను చేర్చుకునే అనుమతి రద్దు చేసింది. ఉన్నవారు వేరే చోటికి మారాలని, లేదంటే చట్టబద్ధ హోదా కోల్పోతారని ప్రకటించింది. మర్నాడే కోర్టు ఆపింది కాబట్టి సరిపోయింది. బస్సు దిగి ఇంకో బస్సెక్కండి అన్నంత తేలికగా ఆ మాట అన్నవారు తమ ప్రభుత్వపు నిబంధనల పుస్తకం ఒకసారి తిరగేసి ఉంటే బాగుండేది.

ఆ పుస్తకంలో బదిలీ గురించి రాసింది కొద్ది వాక్యాలే. కొత్త విశ్వవిద్యాలయంలోని బాధ్యతాధికారి పరిశోధకుడి హోదా, అర్హత సరిచూడాలి, పాత స్పాన్సర్ నుంచి రాతపూర్వకంగా విడుదల తీసుకోవాలి, జే-1 అర్హతనూ గడువునూ చూపే డీఎస్-2019 పత్రం సిద్ధం చేయాలి. రెండు కార్యాలయాలూ ఒప్పుకున్న తేదీన, విదేశీ విద్యార్థులు, పరిశోధకుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ సెవిస్‌లో రికార్డు చేతులు మారుతుంది. ఆ తేదీ దాటాక పాత చోట పనిచేయకూడదు, ఆ తేదీ రాకముందు కొత్త చోట జీతం తీసుకోకూడదు. పాత డీఎస్-2019 గడువు తీరేలోగా ఇదంతా ముగియాలి. ఆ తర్వాత దొరికే 30 రోజులు మూటాముల్లె సర్దుకోవడానికే తప్ప బదిలీకి పనికిరావు. పరిశోధన లక్ష్యం మారకూడదు, పరిశోధకులకు గరిష్ఠంగా దొరికే అయిదేళ్ల లెక్క కూడా మళ్లీ మొదటికి రాదు.

ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థి అయితే, ఫలానా చోటికి మారుతున్నానని తన కళాశాలకు తెలియజేస్తాడు. తెలియజేశాక రికార్డు పంపడం కళాశాల విధి. పద్దెనిమిదేళ్ల డిగ్రీ విద్యార్థికి ఉన్న ఈపాటి స్వేచ్ఛ పీహెచ్‌డీ చేసిన శాస్త్రజ్ఞుడికి లేకపోవడం ఏం న్యాయం? పైగా చాలా విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్వాంసుల కార్యాలయం ముందుగా విభాగం సమ్మతి తెమ్మంటుంది. విభాగమంటే ఆచరణలో ల్యాబు నడిపే ప్రొఫెసరే. ఆయనతో పడకనే వెళ్లిపోదామనుకున్న మనిషి మళ్లీ ఆయన గది తలుపే తట్టాలి. కాస్త పెద్దమనసున్న ప్రొఫెసరైతే వారంలో పని జరుగుతుంది. ‘ఈ ప్రయోగం పూర్తిచేసి వెళ్లు’ అనేవారైతే ఆ ప్రయోగం డీఎస్-2019 గడువుతో పోటీ పడుతుంది.

ఆలస్యమై రికార్డు మూతపడితే పోయేది ఒక్క కొలువు కాదు. పరిశోధకుల కేటగిరీలో అయిదేళ్లకు ఏడాదే వాడుకున్నా, రికార్డు ముగిసిందంటే మిగిలిన నాలుగేళ్లూ గల్లంతే. మళ్లీ అదే కేటగిరీలో రావాలంటే 24 నెలలు ఆగాలి. ఇక్కడే మనవాళ్లు కొందరు పొరబడుతున్నారు. ఏ దేశాలవారు ఏ నైపుణ్యాలుంటే చదువో పరిశోధనో ముగిశాక తిరిగి వెళ్లాలో చెప్పే అమెరికా నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో భారత్‌ను తొలగించడంతో చాలామందికి స్వదేశంలో రెండేళ్లు ఉండి తీరాలన్న షరతు తప్పింది. ఆ రెండేళ్లు వేరు, ఈ 24 నెలలు వేరు. మొదటిది పోయినా రెండోది అలాగే ఉంది. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మొదటిదీ పోలేదు. వారు ఆ షరతు నుంచి మినహాయింపుకు దరఖాస్తు చేసి అమెరికా విదేశాంగ శాఖ సిఫార్సు సంపాదిస్తే, ఆ తర్వాత బదిలీకీ పొడిగింపుకీ తలుపులు మూసుకుంటాయి.

విశ్వవిద్యాలయాల వాదనలో పస లేదనం. రప్పించిన మనిషి ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో ప్రభుత్వానికి జవాబు చెప్పవలసింది అవే. ఆరునెలలకో ల్యాబు మారేవారికి పగ్గం లేకపోతే ఈ కార్యక్రమం మారుపేరుతో ఉద్యోగ వీసా అవుతుంది. అయితే ఆ బెంగ తీర్చడానికి లక్ష్యం మారకూడదన్న నియమం ఉంది, కొత్త బాధ్యతాధికారి అర్హత సరిచూస్తాడు. పాత సంస్థ చేయవలసింది బకాయి పనుల లెక్క తేల్చి తేదీ చెప్పడమే. ఎంతకాలమైనా తేల్చకుండా ఉండే వీలు దానికి ఎందుకు?

మన వైపు చేయవలసిందీ ఉంది. ఏటా పరిశోధకులను సాగనంపే హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి విద్యాసంస్థలు వీసా ఇంటర్వ్యూ వరకే సలహా చెప్పి ఊరుకుంటున్నాయి. విడుదల తేదీ సెవిస్‌లో నమోదయ్యే దాకా రాజీనామా పత్రం ఇవ్వకూడదన్న ఒక్క మాట ముందే చెవిన వేస్తే కొన్ని తిరుగు టికెట్లు తప్పుతాయి. మహాసభలకు వేలమందిని కూడగట్టే అమెరికా తెలుగు సంఘాలు ఈ నిబంధనలు తెలిసిన న్యాయవాదిని నెలకోసారి అందుబాటులో ఉంచలేవా? భారత కాన్సులేట్లు కూడా ఇలాంటి ఫిర్యాదులను వ్యక్తిగత తగాదాలుగా పక్కన పెట్టకూడదు.

జే వీసాదారుల బస కాలానికి నిర్దిష్ట గడువు పెట్టాలని అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. అది అమలైతే పరిశోధకుడి మీద మరో గడియారం పెట్టినట్టే. గడువులంటే అంత మక్కువ ఉన్నప్పుడు పాత విశ్వవిద్యాలయానికీ ఒకటి పెట్టాలి. విడుదల కోరిన పది పనిదినాల్లోగా తేదీ ఇవ్వాలి, లేదా కాగితం మీద కారణం రాయాలి. రెండూ చేయకపోతే బదిలీపై నిర్ణయం నేరుగా అమెరికా విదేశాంగ శాఖకే వెళ్లాలి.