మోకాలికీ కడుపుకీ ముడి

మన పెద్దలు ఒక పొరపాటు చేశారు. బోడిగుండుకీ మోకాలికీ ముడి కుదరదని సామెత కట్టి తరతరాలుగా మనల్ని నమ్మించారు. సైన్సు ఇంత దూరం వచ్చాక కూడా ఆ సామెత వాడటం నల్లగొండ జిల్లాకే అవమానమని సవినయంగా మనవి చేస్తున్నాను. గుండు సంగతి తర్వాత చూద్దాం, మోకాలికీ కడుపుకీ మాత్రం ముడి ఉంది. నేను మూడొందలిచ్చి ఆక్యుపంక్చర్ సూదితో వేయించుకొచ్చాను.

మొన్న నార్కట్‌పల్లి దగ్గర దావత్. రాత్రి పదకొండుకు బంతిలో కూర్చుంటే బగారా, మటన్, తలకాయ కూర, మళ్లీ మటన్. కడుపు చాలంది. అది ఊరికే అనదు, చిన్నపేగు కోలిసిస్టోకైనిన్ అనే రసాయనం వదిలి మెదడుకు కబురు చేస్తుంది. ఆ పేరు పలికేలోపు ఇంకో నాలుగు ముక్కలు దిగిపోయాయి. పైగా వడ్డించేది మేనమామ. మేనమామ గరిటె ముందు ఏ హార్మోనూ నిలబడదు.

తెల్లారేసరికి కడుపు పానగల్లు ఉదయసముద్రం చెరువులా నిండింది. అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. చదువుకున్నవాణ్ణి కదా, అవి తాగి మరీ సూదుల డాక్టర్ దగ్గరికి పోయాను.

గోడ మీద ఒంటినిండా దారులు గీసిన మనిషి బొమ్మ ఉంది. మా టౌన్‌లో గుంతల్లేని దారులు నేను చూసింది ఆ బొమ్మ మీదే. డాక్టర్ గారు మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ఎముకకు ఒక వేలు బయటికి కొలిచి, వెంట్రుకంత సూది దించారు. చీమ కుట్టినట్టు కూడా లేదు, కాసేపటికి లోపల బరువుగా లాగినట్టుంది. ఆ చోటును చైనావాళ్లు జుసాన్లీ అంటారు. అక్కడ పొడిస్తే అలసినవాడు కూడా ఇంకో మూడు 'లీ'ల (చైనావాళ్ల కొలత) దూరం నడుస్తాడట. నన్ను మాత్రం ఇరవై నిమిషాలు కదలొద్దన్నారు.

దీనికి చరిత్ర ఉంది. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ తీశారు. మర్నాడు రాత్రి కడుపు బిగపట్టేస్తే మోచేతికీ మోకాళ్ల కిందా సూదులు పెట్టారు, తేలికపడ్డాడు. అది పేపర్లో రాయడంతో అమెరికాకు ఈ సూదుల పిచ్చి పట్టుకుంది. ఆపరేషన్ మామూలు మత్తుతోనే జరిగిందన్న ముక్క మాత్రం చాలామంది చదవలేదు.

2021లో నేచర్ అనే సైన్సు పత్రికలో ఇంకో ముచ్చట వచ్చింది. ఎలుక వెనక కాలిలో ఇదే చోట సన్నటి కరెంటు పెడితే, కబురు మెదడుకెక్కి, వేగస్ నరం గుండా అడ్రినల్ గ్రంథికి పోయి, ఒంట్లో వాపు తగ్గించే రసాయనాలు వదిలించింది. కడుపు మీద అంతే కరెంటు పెడితే ఆ దారి తెరుచుకోలేదు. మెదడు మోకాట్లో ఉందా అని నన్ను తిట్టిన లెక్కల సారు ఇది చదవాలి. ఎలుకకు మటన్ పెట్టలేదనుకోండి.

"ఎండార్ఫిన్లు రిలీజ్ అయితున్నయ్" అన్నారు డాక్టర్ గారు. అంటే సూదితో ఒళ్లు తన సొంత నల్లమందు చేసుకుని నొప్పి తగ్గించుకుంటుందనీ, నాలోక్సోన్ అనే నల్లమందు విరుగుడిస్తే ఆ ఉపశమనం తగ్గుతుందనీ 1977లోనే చూశారు. కానీ నల్లమందు నొప్పితో పాటు పేగులనూ నిద్రపుచ్చుతుంది. నాకు కావలసింది లేచి పనిచేసే పేగులు. ఈ మాట అడుగుదామంటే అప్పటికే ఒంటి మీద ఎనిమిది సూదులున్నాయి. ఆ స్థితిలో వాదనకు దిగడం తెలివి కాదు.

పన్నెండో నిమిషంలో బ్రేవ్‌మని తేన్పు వచ్చింది. డాక్టర్ గారు దాన్ని సూది ఖాతాలో రాసుకున్నారు. ఇంటికొస్తే అమ్మ వాము ఖాతాలో రాసుకుంది. ఐబీఎస్ అనే పేగుల జబ్బు మీద జరిగిన ప్రయోగాలను 2012లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ వాళ్లు కలిపి చూస్తే, అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా తేలలేదు. అంటే నా తేన్పుకు మూడో హక్కుదారు కూడా ఉండొచ్చు: ఫోన్ ముట్టకుండా వెల్లకిలా పడుకున్న ఆ ఇరవై నిమిషాలు.

"ఏం మందెక్కిచ్చిండు బిడ్డా?" అంది అమ్మ.

"ఈ సూదిలో మందుండదే అమ్మా."

"మందు లేని సూదికి మూడొందలా? బొంత కుట్టే సూది ఇంట్లనే ఉండె గదరా, నేనే పొడుద్దును!"