కీప్ గారికి ఒక బహిరంగ విన్నపం

గౌరవనీయులైన ఇంగ్లిష్ మాట 'కీప్' (keep) గారికి,

హైదరాబాద్ నుంచి నమస్కారం. పాత ఇంగ్లిష్‌లో 'కేపన్'గా తేలడానికి ముందు మీరెక్కడివారో పండితులకే అంతుచిక్కలేదట. అయినా మా ఊళ్లో ఆధార్ అడక్కుండానే మీకు ఉద్యోగం దొరికింది. అదీ ఓవర్‌టైమ్‌తో!

సొంతగడ్డ మీద మీ పని ఉంచుకోవడం, కాపాడటం, సాగనివ్వడం. వస్తువు తీసుకెళ్లి ఒకచోట పెట్టేది 'పుట్' గారు. ఇక్కడ ఆయన్ని పిలిచే నాథుడే లేడు. లీవ్ పెట్టినా, స్టేటస్ పెట్టినా, పొయ్యి మీద పాలు పెట్టినా అన్నీ మీ నెత్తినే. "ఐ కెప్ట్ లీవ్ సార్" అంటే మేనేజరుకు వెంటనే అర్థమవుతుంది. ఆయనదీ ఖమ్మమే.

నేరం ఒక్క తెలుగుదే అనుకోకండి. పాతబస్తీలో 'ఫోన్ రఖో' అంటారు. పెట్టడానికీ ఉంచుకోవడానికీ ఉర్దూలో ఆ ఒక్క మాటే చాలు. రెండు భాషలూ కలిసి ఒకేవైపు తోస్తుంటే మీరు మాత్రం ఎంతసేపు నిలబడతారు? హైటెక్ సిటీలో ఓ కుర్రాడు అమెరికా క్లయింటుతో మాట్లాడి, చివర్లో "ఓకే సార్, ఐ విల్ కీప్ ద ఫోన్" అంటాడు. ఇక పెట్టేస్తానని వీడి మర్యాద. ఫోన్ ఇక నాదే, తిరిగివ్వను అన్నట్టు ఆయనకు వినపడుతుంది.

అలాగని మీరేమీ అమాయకులు కారు. శంకర్‌పల్లి ప్లాట్లు అమ్మే మనిషి సరిగ్గా మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి ఫోన్ చేస్తూనే ఉంటాడు చూడండి, అది 'హీ కీప్స్ కాలింగ్'. ఆ 'చేస్తూనే'లో ఉన్న విసుగంతా మీరు భలే మోస్తారు. తీరా మధ్యలో 'ఫ్రమ్' దూరితే, 'కీప్ హిమ్ ఫ్రమ్ కాలింగ్' అంటూ అదే మనిషికి మీరే అడ్డం పడతారు. ఇంత తేలిగ్గా పార్టీ ఫిరాయించడం మా ఎమ్మెల్యేలకు కూడా చేతకాదు.

మీ అర్థాల్లో మాకు అచ్చంగా పనికొచ్చేది ఒకటుంది, దాన్నే మేం ముట్టుకోం. 'ఇట్ కీప్స్' అంటే నిలవ ఉంటుందని. ఆవకాయ జాడీ కోసమే పుట్టినట్టుండే వాక్యం! ఇంట్లో అని చూడండి, "కీప్స్ వాట్?" అంటారు పిల్లలు.

ఇంగ్లండ్‌లో కోట లోపలి గట్టి బురుజుకూ మీ పేరే. ఆ లెక్కన గోల్కొండ బాలాహిస్సార్ మీకు దూరపు చుట్టం. మా దగ్గర మాత్రం మీరు నామవాచకం కాగానే పెద్దమనుషులు గొంతు తగ్గిస్తారు. 'ఆవిడ ఆయన కీప్' అని గుసగుస. ఆ 'ఆయన'కి మాత్రం ఏ పేరూ ఉండదు, శాలువాలు కప్పుతారు.

సరే, అసలు విన్నపం. డిక్షనరీలో మీ పేరు కింద ఇంకో అర్థం చేర్పించండి. ఉదాహరణ మేమే ఇస్తాం: "కీప్ ద ఫోన్ రా, మేనేజర్ కేమ్!"

ఇట్లు,
లీవ్ కెప్ట్ చేసి ఇది రాస్తున్న ఒక హైదరాబాదీ