పోపుల పెట్టె రిమోట్

పోలి కథ మనకందరికీ తెలిసిందే. అత్తగారు పెద్ద కోడళ్ళని వెంటేసుకుని నదికి దీపాలు వదలడానికి వెళ్తుంది. చిన్నకోడలు పోలికి ఒత్తీ నెయ్యీ దొరక్కుండా చేసి ఇంట్లో వదిలేస్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తితో ఒత్తి చేసుకుని, కవ్వానికి అంటుకున్న వెన్న గీకి దీపం పెట్టుకుంటుంది. బొందితో స్వర్గానికి పోతుంది. ఇందులో లోకానికంతటికీ భక్తి కనిపిస్తే మా బావకి ఎలక్ట్రానిక్స్ కనిపిస్తుంది.

"చూశావా బామ్మర్దీ, అన్నీ అమర్చుకుని వెళ్ళినవాళ్ళు కిందే ఉండిపోయారు. ఇంట్లో ఉన్నదాంతో చేసుకున్నది పైకెళ్ళింది" అంటాడు.

"పైకెళ్ళే సంగతి మనకిప్పుడెందుకులే బావా" అంటాన్నేను.

బావది పాలకొల్లు దగ్గర ఊరు. పగలంతా ఎరువుల కొట్టు, రాత్రయితే రిమోట్ పడవలు. ఇంటి వెనకే కాలవ ఉంది కాబట్టి పిచ్చి ముదరడానికి కావలసిన వసతులన్నీ అమిరాయి. పడవ చెక్క కోసుకోవడం వరకూ ఎవరికీ పేచీ లేదు. కానీ రిమోట్టూ, పడవలో కూర్చునే రిసీవరూ కూడా సొంతంగానే చెయ్యాలంటాడు. ఆరు చానళ్ళ సెట్టు అట్టపెట్టెలో సహా దొరుకుతుంది, రెండిటినీ జత కలిపితే (దాన్నే బైండ్ అంటారు) నడుస్తుంది, కొనుక్కోవచ్చు కదా అని నేనంటే, బజార్లో ఆవకాయ కొన్నవాణ్ణి చూసినట్టు చూస్తాడు.

సొంత తయారీలో లెక్కలు వేరుగా ఉంటాయి. ఇంట్లో ఉన్న సామాను ఖర్చు కింద రాదు. కాలిపోయిన సామాను అసలే రాదు, ఎందుకంటే అది ఇప్పుడు లేదు కదా. కొరియర్ చార్జీలు కొరియర్ వాడి ఖాతాలోకి పోతాయి. ఇలా కూడితే రిమోట్ దాదాపు ఉచితం. మా అక్క పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీలో వేరే లెక్క ఉంది. దాని ప్రకారం అదే డబ్బుతో అట్టపెట్టె సెట్లు రెండు వచ్చి, పైన కుక్కర్ గాస్కెట్ కూడా వచ్చేది.

రిమోట్ డబ్బా కోసం వెతికి వెతికి బావ చివరికి అక్క పోపుల పెట్టె మీద పడ్డాడు. పాత టేకుది, మూత పక్కకి జరిగేది. స్టీలు డబ్బాలో పెడితే సిగ్నల్ బయటికి రాదనీ, చెక్క అయితే అడ్డుపడదనీ ఆయన చెప్పింది నిజమే. ఆవాల అరలో బ్యాటరీ, జీలకర్ర అరలో ఆర్డునో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, మెంతుల అరలో జాయ్‌స్టిక్. ఎండుమిర్చి అరలో రేడియో మాడ్యూలు, ఎన్ఆర్ఎఫ్24 అని 2.4 గిగాహెర్ట్జ్‌ది. స్విచ్చి వేస్తే ముందు ఇంగువ వాసన వచ్చేది, తర్వాత ఎర్ర లైటు వెలిగేది.

ఆ మాడ్యూలు బొటనవేలంత ఉంటుంది కానీ దాని పంతం దానిది. 3.3 వోల్టులే తాగుతుంది, 3.6 దాటితే ప్రాణం విడుస్తుంది. మొదటిదానికి బావ ఆప్యాయంగా 5 పోశాడు. రెండోది బతికింది గానీ, గట్టిగా సిగ్నల్ పంపబోయేసరికి సొమ్మసిల్లిపోయేది. దాని కాళ్ళ దగ్గరే, ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య కాస్త కరెంటు దాచిపెట్టి అవసరానికి అందించే 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అతికించాలని ఎక్కడో చదివి, మావయ్యగారి పాత రేడియో విప్పి అందులోంచి పీకాడు. ఆ పిన్నుల మధ్య సందు బియ్యపు గింజంత. బావ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, నాలిక బయటపెట్టి, సోల్డరింగ్ ఐరన్ తెస్తాడు. నేను పట్టకారుతో కెపాసిటర్ పట్టుకుంటాను. నాకు తుమ్మొస్తుంది. ఎండుమిర్చి అర కదా మరి.

నా మటుకు నేను ఒప్పుకునేది ఒకటుంది. పడవలో లైట్లు మనం చేసుకుంటే, అతుకు సరిగ్గా పడకపోతే లైటు వెలగదు, అంతే. రేడియోలో, అంటే రిమోట్లోనో రిసీవర్లోనో, అతుకు పోతే వస్తువే చేతికి రాకుండా పోతుంది. అందుకని రేడియో కొనుక్కుని, మిగతాదంతా మన ఇష్టం వచ్చినట్టు తగలేసుకోవచ్చు. ఈ మాట నేను సమయానికే చెప్పాను. బావమరిది మాట విన్న బావని మా జిల్లాలో నేనింకా చూడలేదు.

ఇక పోలి పాడ్యమి. కార్తీక అమావాస్య మర్నాడు తెల్లవారుజామున ఊళ్ళో ఆడవాళ్ళంతా రేవులో అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. మా రేవులో ఏటా వచ్చే చిక్కు గుర్రపు డెక్క. వదిలిన దీపం నాలుగడుగులు వెళ్ళి ఆ ఆకుల్లో ఇరుక్కుని అక్కడే కొండెక్కుతుంది. అక్క అత్తగారు ఆ మాటే అంటే బావ గుండెలు పొంగాయి.

"అమ్మా, ఈసారి నడి కాలవ దాకా నేను లాక్కెళ్ళి వదులుతాను. నువ్వు దణ్ణం పెట్టుకో."

పడవ వెనక పురికొస కట్టి, ముప్పై ఒత్తులు వెలుగుతున్న దొప్పకి ముడేశాడు. ముత్తయిదువులు మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డారు. బావ మెట్ల మీద పోపుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పడవ కదిలింది. మెల్లగా, పెళ్ళికూతురిలా. వెనకాల దీపం. అత్తగారు "అబ్బో" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం అక్క కాపురానికొచ్చాక అదే మొదలట. ఆ ఉత్సాహంలో బావ స్టిక్ పూర్తిగా ముందుకి నొక్కాడు.

సరిగ్గా అప్పుడే పడవ డెక్క గుబురు దాటి అవతలికి వెళ్ళింది.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకి నీళ్ళంటే పడదు, అవి అందులో ఇంకిపోతాయి. గుర్రపు డెక్క నిండా నీళ్ళే. మధ్యలో నిలబడ్డ మనుషులూ ఎక్కువభాగం నీళ్ళే, పైగా తడి చీరలు. పడవ యాంటెన్నా చూస్తే నీటి మీదికి నాలుగు వేళ్ళే ఉంది. సిగ్నల్ పోయింది. పోతే పోయింది, కొన్న రిసీవర్లలో ఫెయిల్‌సేఫ్ అని ఒకటుంటుంది. సరిగ్గా పెట్టుకుంటే, రిమోట్ మాట వినపడకపోగానే మోటారు ఆపేస్తుంది. బావ రాసిన ప్రోగ్రాంలో ఆ సందర్భం లేదు. అందులో రిమోట్ మాట ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది. అందుకని రిసీవర్ ఆఖరిగా విన్న ఆజ్ఞనే పట్టుకుంది. 2 మిల్లీసెకన్ల పల్సు, అంటే ఫుల్ స్పీడు. సెకనుకి 50 సార్లు అదే చెబుతూ పోయింది.

పడవ దీపంతో సహా అవతలి రేవు మీద పడింది. అక్కడ వాళ్ళు అప్పుడే వదిలిన దొప్పలు ఒక్కొక్కటీ మా పురికొసకి తగులుకున్నాయి. మా దీపం వెనకాల వాళ్ళ దీపాలు బారుకట్టాయి.

"ఎవరిదండీ ఆ మోటారు? నా దీపం అట్టుకుపోతంది!" అని ఓ పెద్దావిడ కేక.

"ఏమండీ, ఆపండీ!" అని అక్క.

"ఆగమనే చెబుతున్నానే, వినట్లేదు!" అని బావ. ఇంజనీరింగ్ పరంగా ఆ జవాబులో తప్పేమీ లేదు.

గట్టు వెంబడి పరుగు. ఎత్తు పెరిగితే సిగ్నల్ అందుతుందని బావ పోపుల పెట్టె నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు. ఎదురొచ్చిన పాలబ్బాయి ఏదో మొక్కనుకుని సైకిలు దిగి పక్కకి తప్పుకున్నాడు. ఒక్కసారి నిజంగానే సిగ్నల్ అందింది. పడవ మా వైపు తిరిగి, బాతుల మందని రెండుగా చీల్చి, మళ్ళీ చెవిటిదైపోయి దిగువకి పోయింది. వెనక్కొచ్చేసరికి రేవులో అత్తగారు అవతలి ఒడ్డు వాళ్ళకి సర్దిచెబుతున్నారు. "ఎవరి పుణ్యం వాళ్ళకే వెళ్తుందిలేమ్మా, మా వాడు బండి మాత్రమే కట్టాడు." అక్క మాత్రం, పోలి విమానం కూడా ఇంత స్పీడుగా వెళ్ళుండదు అంది.

తెల్లారాక దిగువన లాకుల దగ్గర దొరికింది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా కాలవల మీద పడవలు తిరిగేవి, వాటిని ఎగువకి ఎక్కించడానికీ దిగువకి దింపడానికీ ఈ లాకులు. ఇప్పుడు పడవల్లేవు. చాలా ఏళ్ళకి వచ్చిన బోణీ మాదే. పురికొస ఫ్యానుకి చుట్టుకుని మోటారు ఆగిపోయింది. వెనకాల ఆరిపోయిన దొప్పలు డజను దాకా, మధ్యలో ఎవరిదో హవాయి చెప్పు.

లాకుల దగ్గర పనిచేసే ఆయన గెడతో పడవని ఒడ్డుకి లాగి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుందండి. ఎంతకి కొన్నారండీ?"

బావ ఛాతీ విరుచుకున్నాడు. పోపుల పెట్టె ఇంకా చంకలోనే ఉంది. "కొనలేదండీ. మొత్తం నేనే చేశాను."

"ఆయ్. అనుకున్నానండి" అన్నాడాయన, చెప్పు విడిగా తీసి గట్టు మీద పెడుతూ. "కొన్నదైతే ఆగేదండి."