గంటలో కళ్ళజోడంట!

గంటలో కళ్ళజోడు ఇస్తామని బోర్డు రాయించేది షాపాయన. ఆ గంట ఎక్కడ మిగల్చాలో చూసుకోవాల్సింది మాత్రం వెనక షెడ్డులో లెన్సులు అరగదీసే మేమండి. భీమవరం చుట్టుపక్కల 20 ఏళ్ళుగా ఇదే పని నాది. అందుకని కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మొన్న నరసాపురం వైపు నుంచి లేసు అల్లే మామ్మగారొకరు వచ్చారు. వేరేచోట కొత్తగా చేయించుకున్న జోడు అది. "సైటు సరిపోయిందంటున్నారు బాబూ. మరి దారం తిన్నగా పట్టుకున్నా పాములా ఊగుతోందేంటి? నా కళ్ళకేమైనా అయిందా?" అని అడిగారు. కళ్ళకేం కాలేదు. మిషను మీద కొలిస్తే సైటు సరిగ్గానే ఉంది, పైగా లెన్సు తళతళలాడుతోంది. ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి చూశాను. లైటు నీడ లెన్సు మీద నున్నగా వంగి సాగాలి. దీని మీద నడిమికొచ్చేసరికి రెండుచోట్ల మెలికపడింది. అదీ అల. ఫైనింగులో స్పీడు పెంచేసి తీసిన సరుకు అలాగే ఉంటుంది.

లెన్సుకి వంపు కోసే మిషను జనరేటరు. అది వదిలేసిన గాట్లని తీసేది ఫైనింగు. ఆ తరవాత మిగిలిన మసక తీసేది పాలిషింగు. పాలిష్ తీసేది మైక్రాన్ల లెక్కలోనే. లోతు గాటు దానికి పోదు, మెరుస్తుందంతే. నేను పని నేర్చుకున్న చోట ఓనరుగారు రెండింటికీ ఒకటే స్పీడు పెట్టించేవారు, మాటిమాటికీ బెల్టు మార్చడం దండగని. రోజుకి ఎన్ని జతలు వెనక్కొచ్చేవో ఆయన ఎప్పుడూ లెక్కెయ్యలేదు.

1927లో ప్రెస్టన్ అనే ఆయన గాజు పాలిషింగుకి ఒక లెక్క కట్టాడు. ఎంత అరుగుతుందన్నది ఒత్తిడిని, వేగాన్ని బట్టి ఉంటుందని. ఇది చదువుకొచ్చిన కుర్రాళ్ళు "అయితే స్పీడు రెట్టింపు చేస్తే టైము సగమేగా అన్నా" అంటారు. కాగితం మీద అంతే. ఆ లెక్కలోనే ఇంకో గుణకం ఉంది తమ్ముడూ, లెన్సుని రుద్దే ప్యాడు, స్లర్రీ అంటే పాలిష్ పొడి కలిపిన నీళ్ళు, లెన్సు సరుకు అన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. స్పీడు పెంచగానే తేడా కొట్టేది అక్కడే. స్లర్రీ, ప్యాడు అంటించిన టూలు మీద నిలవకుండా చిమ్మేస్తుంది, ప్యాడు ఎండుతుంది, లెన్సుని పట్టి ఉంచే బ్లాకు గెంతుతుంది. గెంతకుండా బ్లాకుని నొక్కే పిన్ను ఒత్తిడి పెంచావనుకో, ఇక వేడి.

అసలు శత్రువు ఈ వేడేనండి. ప్లాస్టిక్ లెన్సుల్ని బ్లాకుకి పట్టి ఉంచే అల్లాయ్, అంటే మిశ్రమ లోహం, 47 డిగ్రీలకే కరిగే రకం. రోహిణీ కార్తెలో మా రేకుల షెడ్డులో నిలబడితే ఆ 47 ఎంత దగ్గరో ఒంటికే తెలుస్తుంది. బ్లాకు దగ్గర పట్టు సడలిందా, లెన్సు కదిలి యాక్సిస్, అంటే సిలిండర్ సైటు ఉండాల్సిన కోణం, తప్పుతుంది. అందుకే ఎండాకాలం రొయ్యలవాళ్ళ ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చి, కవర్లో మూటగట్టి స్లర్రీ తొట్టిలో పెడతాను. విడిగా వెయ్యకూడదు, కరిగి స్లర్రీ పల్చబడిపోతుంది. ఒకసారి అలా వేసి నాలుగు జతలు పాడుచేశాను, చెప్పుకోడానికి సిగ్గే.

సరుకుని బట్టి కూడా మారాలి. సి.ఆర్.39 అనే ప్లాస్టిక్ కరగదు కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. పాలికార్బనేట్ అనే ఇంకో ప్లాస్టిక్ అలా కాదు, వేడెక్కితే మెత్తబడి ప్యాడుని పూడ్చేస్తుంది. దానికి ఫైనింగు నెమ్మదిగా, ఒత్తిడి తక్కువగా, నీళ్ళు ధారగా ఉండాలి. గాజు సంగతి వదిలెయ్యండి, ఇప్పుడు అడిగేవాళ్ళే లేరు.

నా మటుకు నేను ఫైనింగు ఎప్పుడూ నిదానంగానే తీస్తాను. పాలిషింగులో స్లర్రీ చల్లగా ఉన్నంతసేపే స్పీడు. మధ్యలో ఆపి బ్లాకు వెనక వేలు పెట్టి చూస్తాను. గోరువెచ్చన దాటిందంటే నాబు కిందికే, షాపాయన ఫోను ఎన్నిసార్లు మోగినా సరే. కంప్యూటరు మిషన్లు వచ్చాయిగా అంటారు. వచ్చాయి. వాటిలోనూ ఏ సరుకుకి ఆ స్పీడు విడిగానే పెడతారు.

మామ్మగారికి కొత్త లెన్సులు తీసి సాయంత్రం ఆరింటికి ఇచ్చాను. జోడు పెట్టుకుని, సంచిలోంచి లేసు తీసి, బల్ల మీద కూర్చుని రెండు వరసలు అల్లి చూసుకున్నారు. డబ్బులిస్తూ, "పొద్దున్నగా ఇస్తే ఇప్పుడా బాబూ, బస్సు పోయిందో ఉందో" అని నన్నే కసిరారు.